చెవి మీద చెయ్యి: ఒక సువార్త గాయని గొంతు కేసు

రాజమండ్రిలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్న నా దగ్గరికి గొంతు పోయినవాళ్ళు ఎక్కువగా వచ్చేది జనవరి చివర్లో. డిసెంబరు మొదటి వారంలో సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. తర్వాత క్యారల్స్, క్రిస్మస్ ఆరాధన, 31 రాత్రి కూడిక, అది అయ్యీ అవ్వగానే సంక్రాంతి. ఆ నలభై రోజులూ డెల్టాలో పాడేవాళ్ళకి ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. ఈ కేసులోని ఆమె కూడా అలా జనవరి చివరి వారంలోనే వచ్చింది. వయసు 36. నరసాపురం దగ్గర ఒక పల్లె. భర్త రొయ్యల చెరువుల మీద పని చేస్తారు, ఆమె ఇంట్లో లేసు అల్లుతుంది. పద్దెనిమిదేళ్లుగా సువార్త సభల్లో పాటలు పాడుతోంది. ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకుంది, పేరు మాత్రం రాయవద్దంది.

వచ్చేటప్పటికి ఆమె గుసగుసగా మాట్లాడుతోంది. "మూడు వారాలుగా ఇలాగేనండి. గొంతుకి రెస్టు ఇస్తున్నాను" అంది. ఇది చాలామంది చేసే పొరపాటు. గుసగుసలాడితే గొంతుకి విశ్రాంతి దొరుకుతుందని అనుకుంటారు కానీ, చాలామంది గుసగుసలాడేటప్పుడు గొంతును ఇంకా బిగబడతారు. దానికంటే పూర్తిగా మౌనంగా ఉండటమో, మామూలు గొంతుతో మెల్లగా రెండు మాటలు చెప్పడమో మేలు.

ఈఎన్‌టీ డాక్టరు గారు తీసిన స్ట్రోబోస్కోపీ వీడియో (గొంతు లోపలి కదలికను నెమ్మదిగా చూపించే పరీక్ష) వెంట తెచ్చుకుంది. స్వరం పుట్టించే రెండు స్వర తంత్రుల మీదా, ముందు నుంచి మూడో వంతు దగ్గర, ఎదురెదురుగా చిన్న బుడిపెలున్నాయి, వీటినే నాడ్యూల్స్ అంటారు. పార పట్టే చేతికి కాయలు కాసినట్టే ఇవీ కాస్తాయి. ఆడవాళ్ళ మాటలో స్వర తంత్రులు సెకనుకి సుమారు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. పాటలో పై స్థాయికి వెళ్తే 400 దాటుతుంది. ఐదు నిమిషాల పాట ఒక్కటి పాడితే ఎన్ని వేల సార్లు తగులుతాయో లెక్క వేసుకోవచ్చు. మెత్తగా తగిలితే ఏమీ కాదు. బలంగా తగిలితే, ఎప్పుడూ ఒకే చోట తగిలితే, అక్కడ వాచి కాయ కడుతుంది. వెనక భాగంలో కొంచెం ఎరుపు కూడా ఉంది. అది పొట్టలోంచి పైకి తన్నే ఆమ్లం వల్ల కావచ్చని డాక్టరు గారు మందు రాశారు.

"ఆ" అని ఒకే ఊపిరిలో ఎంతసేపు పట్టగలదో చూస్తే ఏడు సెకన్లు వచ్చింది. గాయనికి అది చాలా తక్కువ. గొంతు వల్ల రోజువారీ బతుకులో ఎంత ఇబ్బంది ఉందో అడిగే పది ప్రశ్నల పట్టికలో 40కి 27 వచ్చింది. 11 దాటితేనే పట్టించుకోవాల్సిన స్థాయి.

అంతకుముందు చూపించుకున్న ఒక చోట "ఇక పాటలు మానేయండి" అన్నారట. ఆ మాట నాకు చెప్పేటప్పుడు ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "మానేస్తే నేనేం అవుతానండి?" అని అడిగింది. నాడ్యూల్స్‌కి మొదటి వైద్యం థెరపీయే, ఆపరేషన్ దాకా వెళ్ళేవాళ్ళు కొద్దిమందే, పాట మానాల్సిన పని లేదు అని చెప్పాను. అప్పుడు భర్త కుర్చీ ముందుకి జరుపుకుని కూర్చున్నారు.

నేను చేసిన మొదటి తప్పు

రోజంతా గొంతు ఎక్కడెక్కడ వాడుతుందో అడిగాను. పగలు లేసు పని. అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుని అల్లుకుంటారు, మెల్లగా మాట్లాడుకుంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీ కుటుంబాలు నేర్పిన పని అది. నరసాపురం చుట్టుపక్కల తరతరాలుగా ఇంటింటా సాగుతోంది. ఆ పనిలో గొంతుకి కష్టమేమీ లేదు. ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకి రెండు మూడు సభలు. అంతేనా అంటే అంతేనంది.

దాన్నిబట్టి నాకు తట్టింది ఒకటే: పాట ఎక్కువైంది, తగ్గించాలి. మూడు వారాలు సభలు వద్దన్నాను. నీళ్ళు తాగమన్నాను, రాత్రి భోజనం త్వరగా చేయమన్నాను. స్ట్రాతో సాధన నేర్పాను. కొబ్బరి బొండం తాగే స్ట్రా గ్లాసు నీళ్ళలో రెండు అంగుళాల లోపు ముంచి, బుడగలు వచ్చేలా "ఊ" అని స్వరం పలకాలి. పెదాల దగ్గర ఆగిన గాలి వెనక్కి నెట్టడం వల్ల స్వర తంత్రులు గట్టిగా కొట్టుకోకుండా తేలిగ్గా ఆడతాయి. ఐదేసి నిమిషాలు, రోజుకి ఐదారు సార్లు. ఆమె క్రమం తప్పకుండా చేసింది. మూడు వారాల తర్వాత గొంతు చాలా తేటపడింది. ఆ సంతోషంతో ఫిబ్రవరి మూడో వారంలో ఒక సభకి వెళ్ళమన్నాను, రెండే పాటలు పాడమన్నాను.

మర్నాడు పొద్దున భర్త ఫోన్ చేశారు. "మళ్ళీ పోయిందండి మేడం గారూ" అన్నారు.

రెండు పాటలకి అంత జరగకూడదు. నా గదిలో ఆమె అవే రెండు పాటలు నాలుగేసి సార్లు పాడింది, గొంతు చెక్కుచెదరలేదు. మరి ఆ రాత్రి గొంతును దెబ్బతీసింది ఏమిటి? నా ప్రశ్నల్లో ఎక్కడో లోపం ఉందని అప్పుడు అర్థమైంది. ఆమె పాత రోజులు మళ్ళీ అడిగాను. చిన్నప్పుడు గుడిలో హార్మోనియం, తబలా మాత్రమే ఉండేవట. కీర్తనల పుస్తకంలో చాలా పాటల మీద రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి కదా, నాన్న అవి చూసి హార్మోనియం వాయిస్తుంటే పక్కనే నిలబడి గంటల తరబడి పాడేదట. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధనలో మొదటి నుంచి చివరి దాకా పాడినా గొంతు ఎప్పుడూ పోలేదంది. ఆ మాట రాసుకున్నాను, కానీ దాని విలువ అప్పటికి తెలియలేదు.

రేవు దాటి వెళ్ళిన సాయంత్రం

ఫిబ్రవరి చివర్లో సఖినేటిపల్లి వైపు ఒక హైస్కూలు మైదానంలో మూడు రాత్రుల ఉజ్జీవ సభలు జరిగాయి. ఆమెకి ఒక్క పాట ఇచ్చారు. నేనూ వస్తానన్నాను. నరసాపురం రేవులో ముగ్గురం పంటు ఎక్కాం. వసిష్ఠ గోదావరి దాటుతుండగా, ఆమె అటు చివర ఎవరితోనో మాట్లాడుతున్నప్పుడు, భర్త నా దగ్గరికి వచ్చారు.

"ఓ మాట చెప్పాలండి. ఆవిడ మీకు చెప్పలేదు. ఆవిడకి పద్యనాటకాలంటే పిచ్చండి. సంక్రాంతికి మా అత్తారి ఊళ్ళో నాటకం వేస్తే తెల్లారేదాకా కూర్చుంటాది. ఆర్కెస్ట్రా వచ్చినా అంతే. వన్స్ మోర్ అని అందరికంటే ముందు అరిచేది ఈవిడేనండి."

వాళ్ళ నాన్న గుడిలో హార్మోనియం వాయించడమే కాదు, నాటకాలకీ వాయించేవారట. పద్యం చివర రాగం సాగదీస్తున్న నటుడి కింద శ్రుతి పట్టుకుని ఉండే ఆ హార్మోనియం పక్కన, తండ్రి ఒళ్ళో నిద్రపోతూ పెరిగిన పిల్ల. సంఘంలో కొందరు నొచ్చుకుంటారేమోనని ఎవరితోనూ అనదు. నాతో కూడా అందుకే అనలేదు. నేను అడిగింది గొంతు ఎక్కడ "వాడతారు" అని. ఆమె పాడే చోట్లు చెప్పింది. ఆనందించే చోట్ల గురించి నేనూ అడగలేదు, ఆమెకీ చెప్పాలని తోచలేదు. ఇప్పుడు ప్రతి గాయకుడినీ, గాయనినీ ఆ రెండో ప్రశ్న తప్పకుండా అడుగుతున్నాను.

మైదానంలో స్టేజీకి రెండు వైపులా బాక్సులు ఒకదానిపై ఒకటి పేర్చారు. కింద బేసులు, పైన టాపులు, అన్నీ జనం వైపు తిరిగి ఉన్నాయి. స్టేజీ మీద ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్), కీబోర్డు, డోలక్. పాడేవాళ్ళకి తమ గొంతు వినిపించేలా వాళ్ళ వైపు తిప్పి పెట్టే మానిటర్ స్పీకరు ఒకటి ఉంది కానీ వైరు తీసేసి మూల పెట్టారు. ఆమె పాట మొదలయ్యాక నేను మెట్ల పక్కన, బాక్సుల వెనక నిలబడ్డాను. నిలబడగానే సంగతి తెలిసింది. బేసు దడదడ వెనక్కీ వస్తుంది, మాట స్పష్టంగా తెలిపే పై శబ్దాలు మాత్రం ముందుకే పోతాయి. అక్కడ నాకు ప్యాడ్స్ వినిపిస్తున్నాయి, ఆమె గొంతు మాత్రం గోడ అవతల నుంచి వస్తున్నట్టుంది. తెరిచిన మైదానం కాబట్టి పాడినది దేనికీ తగిలి తిరిగి రాదు. పల్లవి రెండోసారి ఎత్తుకునేటప్పుడు ఆమె ఎడమ అరచెయ్యి చెవి మీద పెట్టుకుంది. మెడ నరాలు తేలాయి.

ఆ చెయ్యి నాకు కొత్త కాదు. క్లినిక్‌లో చూపించిన పాత వీడియోల్లోనూ ఉంది. భక్తిలో లీనమైనప్పటి అలవాటు అనుకున్నాను. కాదు. తన గొంతు తనకి వినపడక చేసుకుంటున్న ఏర్పాటు అది. చెవి మూస్తే ఎముకల గుండా సొంత గొంతు లోపల పెద్దగా వినిపిస్తుంది. పద్దెనిమిదేళ్లలో ఎవరూ చెప్పకుండానే ఆమె కనిపెట్టుకున్న ఉపాయం.

చుట్టూ శబ్దం పెరిగితే మనిషి తనకి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రాన్సుకి చెందిన ఎటియెన్ లొంబార్డ్ అనే చెవి డాక్టరు 1911లో ప్రచురించాడు. తగ్గించుకోమని చెప్పినా తగ్గించుకోవడం కష్టం, ఎందుకంటే అది ఇష్టపడి చేసేది కాదు. పైగా సొంత గొంతు తనకి బాగా వినపడినప్పుడు ఎవరైనా తమంత తామే తగ్గిస్తారు. హార్మోనియం పక్కన మూడు గంటలు పాడిన గొంతు ఈ స్టేజీ మీద ఐదు నిమిషాలకే ఎందుకు చెడుతోందో నాకు అక్కడ దొరికింది. గొంతు సమస్య చెవి దగ్గర మొదలైంది.

కథ అక్కడితో అయిపోలేదు. పాట అయ్యాక ఆమె దిగి వచ్చి ముందు వరుసలో, బాక్సుకి మూడు గజాల దూరంలో, అక్కచెల్లెళ్ళ మధ్య కూర్చుంది. తర్వాత వచ్చిన ప్రతి పాటా గొంతెత్తి కలిసి పాడింది. మధ్యలో మేనత్త కూతురితో చెవిలో నోరు పెట్టి కేకేసినట్టు మాట్లాడింది. నా ఫోన్‌లోని మీటరు అక్కడ 97, 98 డెసిబెల్స్ చూపించింది. ఫోన్ లెక్క కొంచెం అటూ ఇటూ ఉంటుంది. అయినా 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండటం ఎంతో, 97లో అరగంట ఉండటం అంత అని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. ఆమె రెండున్నర గంటలు కూర్చుంది. ముఖం వెలిగిపోతోంది. స్టేజీ మీద ఐదు నిమిషాల కష్టం, కింద రెండున్నర గంటల సంతోషం. గొంతుని ఎక్కువ అరగదీసింది రెండోదే.

రాత్రి భోజనాలు అయ్యేసరికి పదకొండున్నర. బిర్యానీ, పెరుగు చట్నీ. తిరిగి చించినాడ వంతెన మీదుగా కారులో వచ్చాం. ఆమె దారిలోనే నిద్రపోయింది. ఆలస్యంగా తిని వెంటనే నిద్రపోవడం: గొంతు వెనక ఎరుపుకి కారణం కూడా ఆ రాత్రే దొరికింది.

మార్చిన విషయాలు

ముందు వినికిడి పరీక్ష చేయించాను. 4000 హెర్ట్జ్ దగ్గర రెండు చెవుల్లోనూ చిన్న పల్లం కనిపించింది, అంటే ఆ స్థాయి శబ్దం కొంచెం తక్కువ వినిపిస్తోంది. పెద్ద శబ్దం వల్ల వచ్చే నష్టానికి అది తొలి గుర్తు. సభల తర్వాత చెవుల్లో గుయ్యిమంటుందని అప్పుడు చెప్పింది, ఎన్నేళ్లుగానో అలాగే ఉందట. అందరికీ అంతే అనుకుందట.

రెండో పని సౌండు చూసే అబ్బాయితో మాట్లాడటం. చాలా ఓపిక గల కుర్రాడు. "మానిటర్ పెడితే మైకు కూసేస్తాదండి, అయ్యగారు కోప్పడతారు" అన్నాడు. నిజంగానే కూస్తుంది. ఎందుకో ఇద్దరం కలిసి చూశాం. మానిటర్‌ని పెట్టినప్పుడల్లా ఆమె పక్కన పెడుతున్నారు. సభల్లో వాడే చేతి మైకులు ఎక్కువగా ముందు నుంచి వచ్చే శబ్దం పట్టుకుని, వెనక నుంచి వచ్చేది వదిలేస్తాయి. మానిటర్ ఆమె ఎదురుగా, మైకు తోక వైపు ఉంటే ఆ శబ్దం మైకులోకి పెద్దగా దూరదు. ఇంకో తప్పు ఆమెది. మైకు తలని గుప్పిట్లో మూసి పట్టుకుంటోంది. అలా పట్టుకుంటే మైకుకి ముందూ వెనకా తేడా పోతుంది, అన్ని వైపుల నుంచీ లాగుతుంది. మైకు కింద పట్టుకోమన్నాను. మానిటర్‌లో ప్యాడ్స్, డోలక్ తీసేసి, ఆమె గొంతు, కీబోర్డు శ్రుతి మాత్రమే ఉంచమన్నాను. ఎకో కూడా తీసేయమన్నాను. ఎకో జనానికి అందంగా ఉంటుంది కానీ, పాడేవాళ్ళ చెవికి అది ఆలస్యంగా వచ్చి తికమక పెడుతుంది. ఆ రోజు సాయంత్రం ఖాళీ మైదానంలో ప్రయత్నించాం. రెండో పంక్తికే ఆమె చెయ్యి చెవి మీద నుంచి దిగిపోయింది. ఎవరూ దించమనలేదు.

శ్రుతి సంగతి ఇంకా కష్టమైంది. రికార్డింగ్ ట్రాకులతో పాడటం అలవాటై, అసలు పాడినవాళ్ళ శ్రుతిలోనే పాడుతోంది, అది ఆరు (శ్రుతి అంటే పాటకి ఆధారంగా పెట్టుకునే స్వరం, అంకె పెరిగితే అది పైకి పోతుంది). ఐదుకి దించమంటే ఆమెకి అవమానంగా అనిపించింది. "దించితే వయసైపోయింది అంటారండి." పై షడ్జం, అంటే పై "స", ఆరు శ్రుతిలో సెకనుకి 440 కంపనాలు, ఐదులో 392. ప్రతి సెకనుకీ నలభై ఎనిమిది దెబ్బలు తక్కువ అని చెప్పాను. ఆమెని ఒప్పించింది ఆ లెక్క కాదు. ఐదులో పాడి రికార్డు చేసి వినిపించాను. చరణంలోని కింది స్వరాలు, ఇన్నాళ్ళూ పైకి ఎక్కే తొందరలో తేలిపోయినవి, నిండుగా వినిపించాయి. కళ్ళు మూసుకుని రెండుసార్లు వింది. "మా నాన్న ఐదులోనే వాయించేవారండి" అంది.

కూర్చునే చోటు గురించి పెద్ద చర్చే అయ్యింది. ముందు వరుస వదలమంటే అక్కచెల్లెళ్ళని వదలమన్నట్టే. అందుకని అందరినీ కలిపి జరిపాం. తెరిచిన చోట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ పడిపోతుంది, మూడు గజాల నుంచి పాతిక గజాలకి జరిగితే చాలా తేడా. నాటకాలు మానమని నేను ఒక్క మాట అనలేదు. ఆమె సంగీతం అక్కడే మొలిచింది. చెవుల్లో నురుగు ప్లగ్గులు పెట్టుకుని చూడమన్నాను, వన్స్ మోర్‌కి కేక బదులు చప్పట్లు కొట్టమన్నాను. ప్లగ్గులు పెట్టుకుంటే పద్యంలో మాటలు ఇంకా విడిగా తెలుస్తున్నాయని వేసవిలో ఫోన్ చేసి చెప్పింది. బాగా పెద్ద శబ్దంలో చెవి తికమకపడుతుంది కాబట్టి అలా అనిపించడం మామూలే.

మిరియాల పాలు, కరక్కాయ బుగ్గన పెట్టుకోవడం గురించి అడిగింది. వద్దనలేదు. మనం మింగేది ఏదీ స్వర తంత్రులకి తగలదు, అవి గాలి వెళ్ళే దారిలో ఉంటాయి. నోరు తడిగా, హాయిగా ఉంటే మంచిదే. మెంథాల్ బిళ్ళలు చప్పరించి నొప్పి తెలియకుండా పాడటం మాత్రం వద్దని గట్టిగా చెప్పాను. సభకి ముందు ఏడింటికే అన్నం తినేస్తోంది, తర్వాత భోజనాల్లో అరటిపండు, మజ్జిగ.

ఏం తేలింది

ఆ ఏడు ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోట ఆరాధనలో పాడింది. మైకే లేదు, చుట్టూ ముప్పై మంది, ఇంకా చీకటి. "మూడు పాటలు పాడానండి, గొంతు అలాగే ఉంది" అని ఏడింటికల్లా ఫోన్ చేసింది. ఆ రోజు నేనూ చాలా సంతోషపడ్డాను.

జూన్‌లో మళ్ళీ స్ట్రోబోస్కోపీ తీశారు. ఎడమ వైపు బుడిపె పోయింది. కుడి వైపు చిన్న వాపు మిగిలింది. వెనక ఎరుపు తగ్గింది. ఒకే ఊపిరిలో పదహారు సెకన్లు పట్టింది. పది ప్రశ్నల పట్టికలో 27 కాస్తా 9 అయ్యింది. 4000 హెర్ట్జ్ పల్లం అలాగే ఉంది, అది పూడేది కాదు. లోతు పెరగకుండా చూసుకోవడమే మిగిలింది, ఏటా ఒకసారి పరీక్ష చేయిస్తున్నాం.

మానిటర్ అన్ని సభల్లోనూ దొరకదు. దొరకని చోట ఒక చెవిలో ప్లగ్గు పెట్టుకుని పాడుతోంది. ఆమె చేత్తో చేసుకున్న ఉపాయమే అది. చెయ్యి ఖాళీగా ఉంటుంది, మైకు సరిగ్గా పట్టుకోవచ్చు. సౌండు అబ్బాయి ఇప్పుడు ఎవరు పాడినా మానిటర్ ఎదురుగానే పెడుతున్నాడని విన్నాను. ఆ సభల్లో పాడే ఇంకో ఇద్దరు గాయకులు అతను చెప్పబట్టే నా దగ్గరికి వచ్చారు.

క్యారల్స్ సంగతి మాత్రం ఇంకా తేలలేదు. ట్రాక్టరు మీద బాక్సు, జనరేటరు పొగ, మంచు, రాత్రి తొమ్మిది నుంచి మూడింటి దాకా ఇంటింటి ముందూ పాట. అక్కడ మానిటర్ పెట్టలేం, బాక్సు నుంచి దూరం జరగలేం. ఆమె మానడానికి ఒప్పుకోదు, మానమని అడగాలని నాకూ లేదు. పిల్లలు లాంతర్లు పట్టుకుని వెంట నడుస్తుంటే కాలవ గట్టు మీద పాడుకుంటూ వెళ్ళడం తన ఏడాదిలో అన్నిటికంటే ఇష్టమైన రాత్రి అంది. కిందటి డిసెంబరులో బాక్సు ట్రాక్టరు వెనక వైపు తిప్పి, ఆమెను ముందు నడిపించి, మొదటి ఊరు, చివరి ఊరు మాత్రమే పాడించి చూశాం. మర్నాడు గొంతు కొంచెం జీరబోయింది, రెండు రోజుల్లో సర్దుకుంది. ఈసారి జనరేటరు బదులు బ్యాటరీ బాక్సు తీసుకుందామని భర్త అంటున్నారు. నవంబరులో ఒకసారి ట్రాక్టరు మీద పెట్టి, ఆమె నడిచే చోట మీటరుతో కొలిచి చూడాలి.